ఐదుగురు ఎక్కాక మిగిలే ఎత్తు

మా బావమరిది కారు కొనబోతున్నాడు. బెంగళూరు మున్నేకొళాలలో ముగ్గురు స్నేహితులతో కలిసి ఇల్లు అద్దెకు తీసుకుని ఉంటున్నాడు, ఆఫీసు వైట్‌ఫీల్డ్‌లో, పెళ్లి సంబంధాలు కూడా చూస్తున్నారు కాబట్టి కొంటే పదేళ్లు వాడుకునేలా ఉండాలని వాడి ఆలోచన. వాడికి సెడాన్ అంటే, వెనక డిక్కీ విడిగా ఉండి నేలకి దగ్గరగా ఉండే కారంటే, ఇష్టం. కానీ ఆఫీసులో అడిగినా, రూములో అడిగినా, ఊళ్లో మా మామని అడిగినా అందరిదీ ఒకటే మాట, బెంగళూరు రోడ్ల మీద సెడాన్ ఏంటి, ప్రతి స్పీడ్ బ్రేకరు హంపుకీ కింద తగులుతుంది, ఎత్తుగా ఉండే ఎస్‌యూవీ తీసుకో అని. పోయిన ఆదివారం భోజనానికి వచ్చి కంచం ముందు కూర్చుంటూనే అడిగాడు. "బావా, నువ్వు ఏడేళ్ల నుంచి సెడానే కదా నడిపేది. నిజం చెప్పు, తగులుతుందా?"

తగులుతుంది. కానీ ఎప్పుడు తగులుతుంది, బండిలో ఎక్కడ తగులుతుంది, ఎంత బరువుతో వెళ్తే తగులుతుంది అన్నది చూడకుండా సెడాన్ వద్దనేయడం నాకు నచ్చదు. కాటలాగ్‌లో గ్రౌండ్ క్లియరెన్స్ అని, అంటే నేలకీ బండి కడుపుకీ మధ్య ఖాళీ, 165 మిల్లీమీటర్లనో 170 అనో ఒక అంకె ఉంటుంది. కొనేవాళ్లంతా ఆ అంకె చూసి భయపడతారు, లేదంటే ఆ అంకె చూసి ధైర్యం తెచ్చుకుంటారు. ఇంటిల్లిపాదీ ఎక్కి కూర్చున్నాక ఆ అంకెలో ఎంత మిగులుతుందో మాత్రం ఎవరూ అడగరు. నేనూ ఏడేళ్లు అడగలేదు. పోయిన నెల ఊరి నుంచి వస్తూ ఒక దెబ్బ తిన్నాక గానీ నాకూ ఆ ఆలోచన రాలేదు.

మా ఊరు మదనపల్లె దగ్గర. వెళ్లేటప్పుడు నేనూ, మా ఆవిడా, పాపా ముగ్గురమే. కె.ఆర్.పురం, హోస్కోటె, చింతామణి మీదుగా హాయిగా వెళ్లిపోయాం, ఒక్క చోట కూడా కింద తగల్లేదు. తిరిగి వచ్చేటప్పుడు అమ్మకి కంటి ఆపరేషన్ ఉందని అమ్మనీ నాయననీ ఎక్కించుకున్నాం. డిక్కీలో బియ్యం బస్తాలు రెండు, ఒక ట్రే టమోటాలు, వేరుశనక్కాయల సంచి, అందరి బట్టలు, ఊరగాయ జాడీలు రెండు. అమ్మ సర్దితే ఎంత సర్దుతుందో ఊరి నుంచి వచ్చేవాళ్లందరికీ తెలుసు. అదే రోడ్డు, అదే బండి, నడిపేది కూడా నేనే. చింతామణికి ముందు ఒక ఊళ్లో బడి దగ్గర హంపు ఉంది, వెళ్లేటప్పుడు దాన్ని దాటినట్టు కూడా గుర్తులేదు. వచ్చేటప్పుడు ముందు చక్రాలు అవతలికి దిగాయో లేదో, నేల మీద రేకు పెట్టి ఈడ్చినట్టు కింద బర్రుమని శబ్దం. పాప ఉలిక్కిపడి లేచింది. నాయన మాత్రం నిదానంగా "కడుపు తగిలిందిరా, పక్కకి ఆపు" అన్నాడు. ఆయన చిన్నప్పటి నుంచి ఎద్దుల బండి తోలిన మనిషి. బండి చక్రం అంత ఎత్తు ఎందుకు పెట్టేవాళ్లో, ఇరుసు కింద ఎంత ఖాళీ ఉండాలో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఆపి కిందికి వంగి చూశాను. ఇక్కడొక మాట, కింద గట్టిగా తగిలితే "ఏం కాలేదులే" అనుకుని వెళ్లిపోకండి. ఐదు నిమిషాలు ఆపండి, బండి కింద నేల మీద నూనె చుక్కలు పడుతున్నాయేమో చూడండి. ఇంజన్ అడుగున నూనె ఉండే ఆయిల్ చాంబర్‌కి పగులు వస్తే నూనె మెల్లగా కారిపోతుంది, డాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ లైటు వెలిగేసరికి ఇంజన్ లోపల వేడికి పట్టేసే పరిస్థితి వచ్చేస్తుంది. ఆ లైటు వెలిగితే ఆ క్షణమే ఇంజన్ ఆపేయాలి, "పది కిలోమీటర్లే కదా, షెడ్డు దాకా పోదాం" అనుకోకూడదు. తగిలిన దెబ్బకి ఇన్సూరెన్స్ ఇస్తారేమో గానీ, తగిలిన తర్వాత మనం నడిపి ఇంజన్ పాడుచేసుకుంటే అది మన తప్పే అని మామూలు పాలసీలో ఇవ్వరు. మా అదృష్టం, చుక్క పడలేదు. రాత్రి ఇంటికి వచ్చాక బేస్‌మెంట్ ర్యాంపు మీద మళ్లీ ఒకసారి తగిలింది, అదే చోట, అదే శబ్దం.

మర్నాడు మా ఏరియాలో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే లిఫ్ట్ మీద ఎక్కించాడు. ఏడేళ్లలో నా బండి కడుపు నేను చూడటం అదే మొదటిసారి. ఇంజన్ కింద ఉండే నల్లటి ప్లాస్టిక్ కవర్ వెనక మూల చిరిగి వేలాడుతోంది. దాని వెనక సైలెన్సర్ గొట్టం మధ్యలో డబ్బా లాంటిది ఒకటి ఉంటుంది కదా, దాని అడుగున జానెడు పొడవున తళతళలాడే కొత్త గీత. ఆ కొత్త గీత పక్కనే తుప్పు రంగుకి తిరిగిన పాత గీతలు మూడు నాలుగు. అంటే ఇంతకు ముందూ తగిలింది, పాటల శబ్దంలో నాకు వినపడలేదు. మెకానిక్ టార్చి వేసి చూపించాడు. "చూడండి సార్, ముందు బంపర్ కింద ఒక్క గీత లేదు. అన్నీ నడుమే. ఇంకో నాలుగు వేళ్లు ముందుకు తగిలుంటే చాంబర్ పోయేది." నేను ఇన్నాళ్లూ భయపడింది ముందు బంపర్ గురించి. గుంత కనిపిస్తే ముందు మూతి ఎక్కడ కొట్టుకుంటుందో అని కాళ్లు బిగబట్టేవాడిని. తగిలేది మాత్రం నడుం దగ్గర, అదీ వెనక బరువు ఉన్నప్పుడే.

అందుకే బావమరిది అడిగినప్పుడు నోటితో చెప్పకుండా, భోజనం అయ్యాక టేపు తీసుకుని అందరం బేస్‌మెంట్‌కి దిగాం. అమ్మకి ఇదేం ఆట అన్నది అర్థం కాలేదు గానీ మనవరాలు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. బావమరిది వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చుని, నేల నుంచి చక్రం పైన బాడీ అంచు దాకా కొలిచాడు. ఖాళీ బండికి వెనక 66 సెంటీమీటర్లు, ముందు 67. నేనూ నాయనా ముందు ఎక్కాం. ముందు ఒక సెంటీమీటరు దిగింది, వెనక కూడా దాదాపు అంతే. అమ్మా, మా ఆవిడా, పాపా వెనక కూర్చున్నాక వెనక కొలత 63. డిక్కీలో సామాన్ల బదులు ఇంట్లో ఉన్న ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు నాలుగు పెట్టాం, ఎనభై కిలోలు. "బావా, వెనక అరవై ఒకటిన్నర" అన్నాడు వాడు. నాలుగున్నర సెంటీమీటర్లు దిగిపోయింది. ముందు ఒకటిన్నరే. ఇంటి మనుషులూ నీళ్లూ కలిపి లెక్కేస్తే 370 కిలోల పైనే. ముందూ వెనకా సగటు వేస్తే బండి నడుం దగ్గర మూడు సెంటీమీటర్లు పోయినట్టు. కాటలాగ్‌లో 165 మిల్లీమీటర్లు ఉన్న బండికి నిజంగా ఊరి నుంచి వస్తున్నప్పుడు ఉన్నది 135. అది కూడా ఆగి ఉన్నప్పుడు. హంపు దిగి చక్రం నేలకి కొట్టుకున్న క్షణంలో స్ప్రింగులు ఇంకా నొక్కుకుంటాయి, అప్పుడు ఇంకో రెండు సెంటీమీటర్లు పోయినా ఆశ్చర్యం లేదు.

బేస్‌మెంట్ నుంచి అటే బయటికి వెళ్లి మా వీధి మొదట్లో ఉన్న హంపుని కూడా కొలిచాం. పక్కనున్న కొబ్బరి బొండాల కొట్టాయన దగ్గర వంకర లేని కర్ర ఒకటి అడిగి తీసుకుని హంపు మీద అడ్డంగా పెట్టి, నేల దాకా టేపు వేస్తే 14 సెంటీమీటర్ల ఎత్తు. బండి వెళ్లే దిశలో వెడల్పు సరిగ్గా మీటరు కూడా లేదు. ఖాళీ బండికి 16.5, హంపుకి 14, కాబట్టి వెళ్లిపోతుంది. నిండు బండికి 13.5, హంపుకి 14. తగలక ఏం చేస్తుంది?

ఇక్కడే నాకు కోపం వచ్చే సంగతి ఒకటి ఉంది. హంపు ఎలా కట్టాలో మన దేశంలో రాసి పెట్టిన లెక్క ఉంది. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఐఆర్‌సీ 99 అని ఒక మార్గదర్శకం తెచ్చింది. దాని ప్రకారం గుండ్రటి హంపు 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, వంపు వ్యాసార్థం 17 మీటర్లు, గంటకి 25 కిలోమీటర్ల వేగంతో దాటేలా. ఆ 3.7 మీటర్ల వల్ల లాభం ఏంటంటే, మామూలు సెడాన్‌లో ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం, అంటే వీల్‌బేస్, 2.6 మీటర్ల అటూ ఇటూ ఉంటుంది. హంపు అంతకన్నా వెడల్పుగా ఉంటే బండి నడుం హంపు మీదికి వచ్చేసరికి నాలుగు చక్రాలూ హంపు మీదే ఉంటాయి, బండి మొత్తం పైకి లేస్తుంది. చక్రాల మధ్యలో పైకి పొడుచుకొచ్చే వంపు ఎంతో లెక్క వేయొచ్చు, వీల్‌బేస్‌ని దానితోనే గుణించి, వ్యాసార్థానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే వస్తుంది. 2.6 మీటర్ల వీల్‌బేస్‌కి వచ్చేది 5 సెంటీమీటర్లు. అంటే రూలు ప్రకారం వేసిన పది సెంటీమీటర్ల హంపు బండి కడుపుకి ఐదు సెంటీమీటర్ల హంపు లాంటిది. నిండా బరువుతో వెళ్లినా ఎనిమిదిన్నర సెంటీమీటర్లు ఇంకా ఖాళీ. మామూలు సెడాన్ ఏదీ తగలదు. మా వీధి హంపు లాగా మీటరు కూడా లేకుండా గోడ కట్టినట్టు కడితే మాత్రం హంపు మొత్తం చక్రాల మధ్యలో దూరిపోతుంది, దాని ఎత్తు ఎంత ఉంటే అంతా కడుపుకి ఎదురే.

కాబట్టి సెడాన్ కింద తగిలిన ప్రతిసారీ తప్పు సెడాన్‌దే అనడం అన్యాయం. కర్ణాటకలో బోర్డుల మీద హంపుని రస్తె ఉబ్బు అని రాస్తారు, మన తెలుగువాళ్లకి వేరే అర్థం చెప్పక్కర్లేని మాట. ఉబ్బు అంటే ఉబ్బినట్టు ఉండాలి, మెల్లగా లేచి మెల్లగా దిగాలి. రోడ్డేసిన రోజు మిగిలిపోయిన కాంక్రీటుని పారతో ఎత్తి పోసి సాయంత్రానికి హంపు అనేస్తే బండ్ల నడుములే కాదు, స్కూటర్ మీద వెనక కూర్చున్న పెద్దవాళ్ల నడుములు కూడా పోతాయి. మా వీధి హంపు ఎవరు వేయించారో ఎవరికీ తెలియదు. ఒక ఉదయం లేచి చూసేసరికి ఉంది.

ర్యాంపు సంగతి వేరే లెక్క. హంపు దగ్గర ఎత్తుకి ఎత్తు చూస్తే చాలు, ర్యాంపు పైకి వచ్చి సమతలంలోకి తిరిగే అంచు దగ్గర మాత్రం కోణం చూడాలి. ఎత్తు ఒక్కటే కాదు, వీల్‌బేస్ ఎంత పొడవుంటే అంత తొందరగా నడుం తగులుతుంది. నా బండికి 2600 మిల్లీమీటర్ల వీల్‌బేస్, 165 ఎత్తు వేసి లెక్క కడితే 14 డిగ్రీల పైచిలుకు వంపు దాకా దాటుతుంది. బరువు వేసి 135 అంటే 12 డిగ్రీలు కూడా రాదు. మా ర్యాంపు మీద ఫోను పెట్టి లెవెల్ చూస్తే 12 చూపించింది. అందుకే ఏడేళ్లుగా ఆఫీసుకి వెళ్లి రావడంలో ఎప్పుడూ తగలని ర్యాంపు, ఊరి నుంచి వచ్చిన రాత్రి తగిలింది. ఆ అంచుని కాస్త గుండ్రంగా చెక్కి ఉంటే సరిపోయేది, కట్టేటప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. మొన్న అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో ఈ మాట చెప్పాను, ఇంకా ఇద్దరు కూడా మాకూ తగులుతోందని అన్నారు.

ఈ వీల్‌బేస్ సంగతి తెలిశాక కాటలాగులు చూసే తీరు మారిపోతుంది. మారుతి డిజైర్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు, నా బండికన్నా రెండు మిల్లీమీటర్లు తక్కువే, కానీ దాని వీల్‌బేస్ 2450. పదిహేను సెంటీమీటర్లు పొట్టి కావడంతో ర్యాంపు అంచు దగ్గర అది నా బండికన్నా హాయిగా దాటేస్తుంది. స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ సెడాన్లు రెండిటికీ 179. అదే ప్లాట్‌ఫామ్, అంటే అదే అడుగు చట్రం మీద, అదే 2651 వీల్‌బేస్‌తో వచ్చే ఎస్‌యూవీలు కుషాక్, టైగూన్‌లకి 188. తేడా 9 మిల్లీమీటర్లు, చిటికెన వేలంత కూడా లేదు. చూడటానికి ఒకటి నేలకి అంటుకున్నట్టూ ఇంకోటి గుర్రమెక్కినట్టూ ఉంటాయి, ఎందుకంటే ఎస్‌యూవీకి బానెట్ ఎత్తు, సీటు ఎత్తు, చక్రం చుట్టూ నల్లటి ప్లాస్టిక్ అంచు. మనం కంటితో చూసే ఎత్తు వేరు, కడుపు కింద ఉండే ఎత్తు వేరు. ఎస్‌యూవీ అన్న పేరు చూసి డబ్బు పెట్టే ముందు పక్కపక్కన ఈ రెండు అంకెలూ పెట్టి చూసుకోమని బావమరిదికి గట్టిగా చెప్పాను. అలాగని అన్నీ అంతే అని కాదు, హోండా ఎలివేట్‌కి 220 ఉంది, అది నిజంగా ఎత్తే. మీ ఇంటి ముందు రోడ్డే లేకుండా రాళ్లు తేలి ఉంటే, వారానికోసారి పొలానికి వెళ్లి రావాల్సి ఉంటే అలాంటిదే తీసుకోండి, సెడాన్‌తో కుస్తీ పట్టొద్దు.

పన్నులో కూడా ఈ ఎత్తు అంకె ఉందని చాలామందికి తెలియదు. ఎస్‌యూవీ, ఎక్కువమంది పట్టే ఎంపీవీ లాంటి యుటిలిటీ బండ్లని పన్ను కోసం గుర్తించడానికి 1500 సీసీ దాటిన ఇంజన్, 4 మీటర్లు దాటిన పొడవుతో పాటు 170 మిల్లీమీటర్లు లేదా ఆ పైన గ్రౌండ్ క్లియరెన్స్ అని పెట్టారు. 2023 జులైలో జీఎస్టీ కౌన్సిల్ ఆ 170 ఖాళీ బండికి కొలవాలని స్పష్టం చేసింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సెస్ అనే అదనపు పన్ను పోయి ఆ బండ్లకి 40 శాతం జీఎస్టీ వచ్చాక కూడా ఆ 170 అంకె అలాగే ఉంది. ప్రభుత్వం పన్ను కోసం ఖాళీ బండినే కొలవనీ, దానికి ఒకే పద్ధతి ఉండాలి కాబట్టి అర్థముంది. కొనేవాడికి మాత్రం ఇంకో అంకె కూడా కావాలి, మనుషులూ సామానూ ఎక్కాక ఎంత అన్నది. ప్రతి కంపెనీ తన కాటలాగ్‌లో ఆ రెండో అంకె కూడా మొదటి అంకె పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో వేయాలని నా కోరిక.

గ్యాసుతో నడిచే సీఎన్‌జీ సెడాన్ తీసుకునేవాళ్లు ఇంకొంచెం ఎక్కువ ఆలోచించుకోవాలి. సిలిండర్ బరువు ఎప్పుడూ డిక్కీలోనే ఉంటుంది, దాని మీద మన సామాను. మారతహళ్లి బ్రిడ్జి దగ్గర నిలబడి వచ్చే క్యాబులు చూడండి, వెనక ముగ్గురు కూర్చున్న బండి తోక నేలకి ఎలా వాలి ఉంటుందో.

నేను దెబ్బ తిన్న తర్వాత చాలామంది రకరకాల సలహాలు ఇచ్చారు. స్ప్రింగు చుట్ల మధ్యలో రబ్బరు బఫర్లు పెట్టించమన్నారు ఒకరు. వెనక రెండు స్ప్రింగులకి పెట్టించి వారం నడిపాను. వెనక వాలడం తగ్గింది, నిజమే. కానీ ఖాళీ బండితో ఆఫీసుకి వెళ్తుంటే ప్రతి చిన్న గుంతా నడుముకి తగిలింది, అమ్మ వెనక కూర్చుని ఆస్పత్రికి వెళ్లి వచ్చాక "ఈ బండి ఇంత గట్టిగా ఎప్పుడైంది" అంది. రబ్బరు పట్టుకున్న చోట స్ప్రింగు వంగదు, మిగతా చుట్లు ఎక్కువ పని చేయాల్సొస్తుంది. తీయించేశాను. ఇంకొకాయన టైర్లు పెద్దవి వేయించమన్నాడు. 185/60 ఆర్15 సైజు నుంచి 185/65 ఆర్15 సైజుకి మారితే టైరు వ్యాసం 18.5 మిల్లీమీటర్లు పెరుగుతుంది, బండి లేచేది అందులో సగమే, 9 మిల్లీమీటర్లు. దానికి స్పీడోమీటరు మూడు శాతం తక్కువ చూపిస్తుంది. పాత టైర్లు ఎలాగూ అరిగిపోయి ఉండి, మీ బండి మాన్యువల్‌లో ఆ సైజు కూడా ఉందంటే వేయించుకోవచ్చు. ఆ 9 మిల్లీమీటర్ల కోసమని మంచి టైర్లు మార్చడం దండగ.

నాకు నిజంగా పనికొచ్చింది బరువు సర్దుకోవడం. బియ్యం బస్తాలు డిక్కీలో వెనక అంచున పడేస్తే ఆ బరువు వెనక చక్రం దాటి వెనక్కి వేలాడుతుంది, ముందు వైపుని కొంచెం లేపేసి వెనకని ఇంకా నొక్కుతుంది. అవే బస్తాలని వెనక సీటు వీపుకి ఆనించి, చక్రం మీదకి వచ్చేలా పెడితే వెనక కొలతలో అర సెంటీమీటరు పైనే తేడా వచ్చింది, నీళ్ల క్యాన్లతో అదీ కొలిచాం. దానికి తోడు, నిండా ఎక్కినప్పుడు టైర్లలో గాలి డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కర్ మీద రాసినంత పెట్టించాలి, ఫుల్ లోడ్‌కి వేరే అంకె ఉంటుంది, చాలామంది చూడరు.

హంపు మీద బ్రేకు కూడా తొక్కకూడదు. బ్రేకు వేస్తే బండి మూతి దిగుతుంది, తెలిసిందే. హంపుకి ముందే వేగం అంతా తగ్గించేసి, ఎక్కే సమయానికి బ్రేకు వదిలేసి, ఫస్ట్ గేరులో పాకినట్టు వెళ్లాలి. గోడలాంటి హంపుకి ఏటవాలుగా వెళ్తే ఒక్కో చక్రమే ఎక్కి దిగుతుంది, ఎప్పుడూ ఏదో ఒక చక్రం హంపు మీద ఉండి కడుపుని లేపి పెడుతుంది. ఊళ్లల్లో అలా వెళ్లొచ్చు. బెంగళూరులో సాయంత్రం పూట అలా బండి వంకరగా తిప్పితే ఎడమ పక్క సందులోంచి స్కూటర్ దూరుతుంది, అద్దం చూడకుండా తిప్పొద్దు. మా ర్యాంపు దగ్గర ఇప్పుడు పద్ధతి మారింది. ఊరి నుంచి వస్తే అమ్మా, మా ఆవిడా, పాపా గేటు దగ్గర దిగి లిఫ్ట్ వైపు నడుస్తారు, నేనూ నాయనా బండి దింపుతాం. ఆ ముగ్గురు దిగితే వెనక రెండు సెంటీమీటర్లు లేస్తుంది, ర్యాంపుకి అది చాలు.

వాన గురించి కూడా వాడు అడిగాడు, సెడాన్ అయితే నీళ్లల్లో మునుగుతుందట కదా అని. 2022 సెప్టెంబర్‌లో బెళ్లందూరు, యెమలూరు వైపు జనాన్ని ట్రాక్టర్ల మీద, పడవల మీద తరలించారు, అప్పుడు ఎస్‌యూవీలు కూడా బేస్‌మెంట్లలో మునిగే ఉన్నాయి. నీళ్లకి కడుపు ఎత్తు కన్నా ఇంజన్ గాలి పీల్చే గొట్టం మూతి ఎక్కడుందన్నది ముఖ్యం, అందులోకి నీళ్లు పోతే ఇంజన్ అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. 2023 మే 21న కేఆర్ సర్కిల్ అండర్‌పాస్‌లో నిలిచిన వాన నీళ్లల్లో కారు చిక్కుకుని మన ఆంధ్ర అమ్మాయి ఒకరు ప్రాణం పోగొట్టుకుంది, ఆ వార్త విన్న రోజు రాత్రి మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. ఏ బండి అయినా సరే, అడుగు కనపడని నీళ్లల్లోకి, అందులోనూ అండర్‌పాస్‌లోకి దింపొద్దని వాడితో ఒట్టు వేయించుకున్నాను.

సెడాన్ అంటే నాకెందుకు ఇంత ఇష్టమో కూడా చెప్పాలి కదా. పాపకి ఎత్తు బండ్లలో వాంతులు, మా బావ వాళ్ల ఎస్‌యూవీలో హార్స్‌లీ హిల్స్ ఘాట్ ఎక్కితే నాలుగు మలుపులకే కవర్ కావాలి. మా బండిలో అదే ఘాట్ నిద్రపోతూ ఎక్కుతుంది. బండి నేలకి దగ్గరగా ఉంటే మలుపులో ఒరగడం తక్కువ, హైవే మీద పక్కనుంచి లారీ పోతే ఊగడం తక్కువ. డిక్కీకి వేరే గది కావడంతో ఊరగాయ వాసన మనుషుల దాకా రాదు. దీనికి ఎదురు చెప్పాల్సింది ఒక్కటే ఉంది, నాయనకి మోకాళ్ల నొప్పులు, కిందికి ఉన్న సీట్లోంచి లేవడానికి తలుపు పైన పిడి పట్టుకుని ఒక క్షణం ఆగాలి. అది చూసిన ప్రతిసారీ నాకు మనసులో కలుక్కుమంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు రోజూ ఎక్కి దిగే బండి అయితే గ్రౌండ్ క్లియరెన్స్ కన్నా ముందు సీటు ఎత్తు చూడమని, అత్తమ్మని తీసుకెళ్లి కూర్చోబెట్టి చూడమని బావమరిదికి చెప్పాను.

వాడు రెండు సెడాన్లు, ఒక చిన్న ఎస్‌యూవీ అనుకుంటున్నాడు. టెస్ట్ డ్రైవ్‌కి మామూలుగా కొనేవాడు ఒక్కడే వెళ్తాడు, షోరూం మనిషి పక్కన కూర్చుంటాడు, నున్నటి రోడ్డు మీద ఒక రౌండు కొట్టి తిరిగొస్తారు. అలా వెళ్తే ఏమీ తెలియదు. ముందే ఫోన్ చేసి అడిగాం, నలుగురం వస్తాం, మా అపార్ట్‌మెంట్ ర్యాంపు దాకా తెస్తాం, మా వీధి హంపు దాటించి చూస్తాం అని. ఒక చోట కుదరదన్నారు, రెండు చోట్ల సరే అన్నారు. శనివారం పొద్దున పదికి మొదటిది. వాడి రూమ్‌మేట్లు ఇద్దరు వెనక కూర్చోవడానికి ఒప్పుకున్నారు, నేను ముందు. షోరూం మనిషితో ఐదుగురం. టేపు నేను తెస్తున్నాను, నీళ్ల క్యాన్లు రెండు వాడు తెస్తున్నాడు.